ఎల్లాప్రగడ సుబ్బారావు: సూక్ష్మజీవులతో తూచిన వైద్యుడు

ఆదిలాబాదు సీమలోని సిర్పూరు కాగితపు మిల్లు 1942లో కాగితము తీయనారంభించెను. మిల్లు చుట్టును పెరిగిన ఊరికి కాగజ్‌నగర్ అను పేరు స్థిరపడెను. 2014లో మూతపడి, 2018లో మరల తెరువబడిన ఆ మిల్లు కాగితముపై లెక్కలు చేసిన తెలుగు విద్యార్థులు ఎందఱో కలరు. అట్టి కాగితము నొకదానిని తీసికొని మడవ మొదలిడుదము. దాని మందము మిల్లీమీటరులో పదియవ వంతనుకొందము. ఒక మడతకు రెండు పొరలు, రెండు మడతలకు నాలుగు, మూడింటికి ఎనిమిది. పది మడతలకు 1,024 పొరలై, ఎత్తు పది సెంటీమీటర్లు దాటును. ఇరువది మడతలకు ఎత్తు నూటనాలుగు మీటర్లకు మించును. ముప్పదియవ మడత పడునప్పటికి ఆ దొంతర 107 కిలోమీటర్లు లేచును. కాగితము ఏడెనిమిది మడతలు దాటనీయదు గనుక ఈ గోపురమును ఎవరును చూడలేదు.

సూక్ష్మజీవుల వృద్ధియు నిట్టిదే. మన ప్రేగులలో నివసించు ఎషరీషియా కోలై అను బాక్టీరియాకు మంచి ఆహారమును, ఒంటివేడిమియు దొరకినచో ఇరువది నిమిషములకు ఒకటి రెండగును. పది గంటలలో ముప్పది మార్లు రెట్టింపై, ఒకే ఒక జీవి నూట ఏడు కోట్లకు పైగా అగును. ఒక దినమున డెబ్బదిరెండు రెట్టింపులు. ఆ లెక్క వ్రాయుటకు ఇరువదిరెండు అంకెలు కావలయును. కాని కాగితము మడతకు లొంగనట్లే, గాజుగొట్టములోని ఆహారమును ఈ లెక్కకు లొంగదు. ఏదో ఒక పదార్థము ముందుగా నిండుకొనును, వృద్ధి నిలిచిపోవును. ఏ పదార్థము తక్కువైనదో, ఎంత తక్కువైనదో, ఆ నిలిచిన చోటే తెలుపును. ఈ చిన్న సంగతిని త్రాసుగా చేసికొని, రసాయనశాలలోని ఏ త్రాసును తూచలేని ఔషధమును వెలికి తీసిన బృందమునకు నాయకుడు ఒక తెలుగువాడు.

ఎల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరమున జన్మించెను. తండ్రి జగన్నాథము రెవెన్యూశాఖలో చిన్న ఉద్యోగి. అనారోగ్యముచే ఉద్యోగము నడుమనే విరమించెను. తల్లి వెంకమ్మ. ఏడుగురు సంతానము గల ఇల్లు, చాలని రాబడి. బాలునకు చదువుపై మనసు నిలువలేదు. కాశికి పోయి యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనము గడింపవలెనని ఇల్లు విడిచి పరుగెత్తెను. పట్టి తెచ్చి మరల బడిలో కూర్చుండబెట్టిరి. రాజమహేంద్రవరమునను, పిదప మద్రాసు హిందూ హైస్కూలునను చదివి, మెట్రిక్యులేషనులో మూడవ యత్నమున గాని గట్టెక్కలేదు. తండ్రి పోయిన పిదప వెంకమ్మ తన నగలమ్మి కుమారుని చదివించినది. నేడు ఆయన పేరు చెప్పుకొనువారు ఆ మూడు యత్నములను నవ్వుచు దాటిపోవుదురు. ఆ తల్లి నగలను గూర్చి కొంతసేపు ఆగి చెప్పవలసియున్నది.

ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియటు చదువు కాలమున ఆయన మనసు రామకృష్ణ మఠమువైపు మొగ్గినది. సన్యాసమునకు తల్లి అంగీకరింపలేదు. మఠమువారును వైద్యము నేర్చి సేవ చేయుట మేలని సలహా ఇచ్చిరి. మద్రాసు వైద్యకళాశాలలో చేరెను. 1919లో శేషగిరిని వివాహమాడెను. మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి చదువు ఖర్చులకు తోడ్పడెను. గాంధీ మహాత్ముని పిలుపు విని ఖద్దరు అంగీతో శస్త్రచికిత్సాగదిలో ప్రవేశించిన విద్యార్థి ఆయన. ఆంగ్లేయుడైన శస్త్రశాస్త్రాచార్యునకు అది కంటగింపైనది. తత్ఫలితముగా ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు తక్కువ స్థాయిదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే లభించెను. ప్రభుత్వ వైద్యశాఖ తలుపులు మూసుకొనెను.

ఆ సంవత్సరములలోనే ఇంటిపై పిడుగు పడినది. పురుషోత్తము, కృష్ణమూర్తి అను ఇద్దరు సోదరులు కొద్ది దినముల వ్యవధిలో స్ప్రూ అను వ్యాధిచే మరణించిరి. మన వైద్యులు గ్రహణి అని చెప్పు వ్యాధులకు దగ్గఱిది ఇది. ఎడతెగని విరేచనములు, పుండ్లుపడిన నాలుక, తిన్నది ఒంటబట్టకుండుట, పాలిపోయి పాలిపోయి ప్రాణము పోవుట. ఉష్ణదేశములలో వేలమందిని తినివేసిన ఈ వ్యాధికి ఆనాడు కారణము తెలియదు, మందు లేదు. కొంతకాలమునకు సుబ్బారావునకే అది సోకినది. ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సచే ఆయన బ్రతికి బయటపడెను. పిమ్మట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలోనే శరీరనిర్మాణశాస్త్రము బోధించుచు, ఆ మూలికలలో పనిచేయునది ఏది, దానిని విడదీయుట ఎట్లు అను ప్రశ్నను మోయసాగెను. సోదరులను చంపిన వ్యాధి ఒకటి, తన్ను బ్రతికించిన మందొకటి. రెండింటికిని పేరున్నది, లోపలి సంగతి తెలియదు.

కాకినాడలోని మల్లాడి సత్యలింగనాయకర్ ధర్మసంస్థవారును, మామగారును తోడ్పడగా, 1920వ దశకపు తొలినాళ్ళలో ఆయన అమెరికా చేరెను. బోస్టను నగరములో హార్వర్డు విశ్వవిద్యాలయపు ఉష్ణమండల వైద్యపాఠశాలలో ప్రవేశము దొరికినది గాని పోషణ దొరకలేదు. అక్కడి ఆసుపత్రిలో రాత్రివేళ పనివాడై, రోగుల మలమూత్రపాత్రలు కడిగి, పగలు పాఠములు వినెను. ఇంటివద్ద పుట్టిన కుమారుడు తండ్రి కంటబడకయే శైశవమున పోయెను. శేషగిరి నిరీక్షణయే జీవితమైనది. ఆయన మరల స్వదేశము చూడలేదు. ఆయన కీర్తిని ఎంత చెప్పుకొన్నను ఈ బాకీ తీరునది కాదు.

డిప్లొమా పొందిన పిదప జీవరసాయనశాఖలో సైరస్ ఫిస్క్ వద్ద చేరెను. రక్తములోను మూత్రములోను భాస్వరము ఎంతయున్నదో కొలుచు పద్ధతి నొకదానిని వీరిద్దరును 1925లో ప్రకటించిరి. భాస్వరముగల ద్రవములో మాలిబ్డేటును, మఱికొన్ని ద్రవ్యములను కలిపినచో నీలవర్ణము వచ్చును. భాస్వరము ఎక్కువైన కొలది నీలము చిక్కనగును. ఎఱిగిన పరిమాణము గల ద్రవపు నీలముతో ఎఱుగని దాని నీలమును పోల్చినచో లెక్క దొరకును. ఫిస్క్–సుబ్బారావు పద్ధతియని పేరుపడి, నేటికిని జీవరసాయన విద్యార్థులు నేర్చుకొను పాఠమిది. అందలి ఉపాయమును చదువరి గుర్తుంచుకొనవలెను: కంటికి కనబడని దానిని, కనబడునట్టి మఱొక మార్పుచే కొలుచుట. ఈ కొలతయే ఆయనను 1927లో కండరములలోని ఫాస్ఫోక్రియాటిను వద్దకును, 1929లో జీవకణములకు శక్తినిచ్చు ఏ.టి.పి. వద్దకును కొనిపోయినది. ఏ.టి.పి.ని అదే సంవత్సరమున జర్మనీలో లోమన్ స్వతంత్రముగా కనుగొనెను.

1930లో డాక్టరేటు వచ్చినది. స్థిరమైన ఉద్యోగము మాత్రము హార్వర్డులో రాలేదు. తన పేరు ముందునకు నెట్టుకొను స్వభావము ఆయనకు లేదు. ఆయన విడదీసిన కొన్ని పదార్థములను ఫిస్క్ ప్రకటింపనీయకపోవుటచే, మఱికొందఱు వాటిని ఏండ్ల పిదప క్రొత్తగా కనుగొనవలసివచ్చెనని, ఆనాటి సహచరుడును 1988లో నోబెలు బహుమతి పొందినవాడును అగు జార్జి హిచింగ్సు తరువాతి కాలమున తెలిపెను. ఆ దశకమంతయు సుబ్బారావు కాలేయసారములో మునిగియుండెను. పచ్చికాలేయము తినిపించినచో ఒకజాతి రక్తహీనత తగ్గునని హార్వర్డు వైద్యులు 1926లో చూపియుండిరి. కాలేయములో ఏమి యున్నదో ఎవ్వరికిని తెలియదు. మన బొంబాయిలో లూసీ విల్స్ అను వైద్యురాలు 1931లో మఱొకటి చూపినది: నేతమిల్లులలో పనిచేయు గర్భిణులకు వచ్చు తీవ్ర రక్తహీనత ఈస్టు సారముచే నయమగును. అందున్నదేమో అదియు తెలియదు.

1940లో ఆయన హార్వర్డు విడిచి న్యూయార్కు రాష్ట్రములో పెరల్‌రివర్ అను ఊరనున్న లెడర్లీ ప్రయోగశాలలకు పోయెను. కొలదికాలములోనే అక్కడి పరిశోధనలకెల్ల అధిపతియయ్యెను. రక్తహీనతకు మందగు ఆ అజ్ఞాతపదార్థమును పట్టుట ముఖ్యమైన పనులలో ఒకటి. పట్టుటెట్లు? టన్నులకొలది కాలేయములో అది చిటికెడుకన్న తక్కువ. శుద్ధిచేయుచు పోవు ఒక్కొక్క మెట్టునను సారము రెండు మూడు భాగములుగా విడిపోవును. మందు ఏ భాగములోనికి పోయినదో తెలియవలెను. రోగికి ఇచ్చి చూతమన్న వారములు పట్టును. కోడిపిల్లలకు పెట్టి చూతమన్నను అంతే. రంగు పుట్టించి చూచు ఉపాయము, పదార్థమేదో తెలియనప్పుడు, సాగదు.

ఇచ్చట సూక్ష్మజీవి ప్రవేశించినది. జున్ను పాలయందు పెరుగు లాక్టోబాసిల్లస్ కేసియై అను బాక్టీరియా, కాలేయములోని ఒకానొక పదార్థము లేనిదే పెరగదని శాస్త్రజ్ఞులు అంతకు ముందే గమనించియుండిరి. 1941లో టెక్సాసులో మిచెల్, స్నెల్, విలియమ్సు అనువారు మఱొక సూక్ష్మజీవిని పెంచు పదార్థమును నాలుగు టన్నుల పాలకూర జాతి ఆకునుండి రాబట్టి, ఆకును సూచించు లాటిను పదమునుబట్టి ఫోలికామ్లమని పేరిడిరి. లెడర్లీలో స్టోక్‌స్టాడ్, హచింగ్సు మొదలగువారు ఈ జీవులనే కాలేయసారమునకు త్రాసుగా నిలిపిరి.

ఆ తూనిక జరుగు విధము ఇది. సూక్ష్మజీవికి కావలసిన చక్కెర, లవణములు, ఆమినో ఆమ్లములు, తక్కిన విటమినులు అన్నియు గల ద్రవమును వరుసగా గొట్టములలో పోయుదురు. వెదకుచున్న పదార్థము నొక్కదానిని మాత్రము మినహాయింతురు. ఎఱిగిన పరిమాణము గల సారమును మొదటి గొట్టమున ఒక చుక్క, రెండవదాన రెండు, మూడవదాన నాలుగు చొప్పున చేర్చుదురు. పరీక్షింపవలసిన భాగములను మఱొక వరుసలో చేర్చుదురు. అన్నిటిలోను సమానముగా బాక్టీరియాను చల్లి, ఒంటివేడిమిలో ఉంచుదురు. పదార్థము లేని గొట్టము తేటగా మిగులును. ఉన్నవి ఉన్నకొలది మసకబారును. ఆ మసకను కాంతిచే కొలిచినను సరే, మూడు దినములుంచి పుట్టిన లాక్టికామ్లమును క్షారముతో సరిపెట్టినను సరే, గ్రాఫు కాగితముపై ఒక వక్రరేఖ వచ్చును. తెలియని గొట్టపు మసకను ఆ రేఖపై ఆనించినచో పదార్థమెంతయో చెప్పును. నీలవర్ణము స్థానమున ఇప్పుడు జీవుల గుంపు నిలిచినది. ఉపాయము 1925 నాటిదే. శుద్ధమైన ఫోలికామ్లమైనచో గొట్టమునకు ఒక నానోగ్రాము, అనగా గ్రాములో నూఱుకోట్లవ వంతు, చాలును.

మసకనుండి సంఖ్యకు పోవు దారి ఎట్టిదని విద్యార్థి అడుగవచ్చును. ద్రవమును పదింతలు పలుచన చేసి, అందుండి కొంత తీసి మరల పదింతలు, ఇట్లు ఆరుమార్లు చేసినచో పదిలక్షలింతలు పలుచనయగును. అందుండి ఒక మిల్లీలీటరు అగరు పలకపై పోసి ఉంచగా మఱునాటికి 52 చుక్కలు లేచినవనుకొందము. ఒక్కొక్క చుక్కయు ఒక జీవి సంతానము. కనుక మొదటి ద్రవములో మిల్లీలీటరునకు 5 కోట్ల 20 లక్షల జీవులు. ఇక వేగపు లెక్క. మిల్లీలీటరునకు 1,000 జీవులతో మొదలైనది పది గంటలకు 10,24,000 అయినచో, రెండవ సంఖ్య సంవర్గమానము 6.0103, మొదటిది 3. తేడా 3.0103. దీనిని 2 యొక్క సంవర్గమానమగు 0.3010 చే భాగింపగా పది వచ్చును. పది గంటలలో పది రెట్టింపులు. తరమునకు ఒక గంట. అయితే ఈ లెక్క నడిమి కాలమునకే చెల్లును. చల్లిన తోడనే జీవులు రెట్టింపు కావు. క్రొత్తచోట అలవాటుపడుటకు కొంతసేపు పట్టును. పిదప వేగముగా పెరుగును. ఆహారము తగ్గి విషములు పేరుకొన్నపుడు నిలుచును, తుదకు నశించును. సంవర్గమానములతో గీసినచో నడిమి భాగము తిన్నని రేఖయగును. ఆ రేఖను చూడక మొదటిగంటను, చివరిగంటను కలిపి భాగించువాడు తప్పు తరకాలమును చెప్పును. పరీక్షపత్రములలో ఈ తప్పు తఱచు కనబడును. కాగితపు మిల్లులవారికిని ఈ లెక్క పరాయిది కాదు. వెచ్చని గుజ్జునీటిలో బాక్టీరియా పెరిగి జిగటకట్టి కాగితమును చింపును గనుక, ఆ నీటిని అగరు పలకలపై పోసి లెక్కించుట వారికిని అలవాటే.

1943 నాటికి కాలేయమునుండి స్ఫటికములు వచ్చినవి. కాని త్రాసు ఒకచోట చిక్కు తెచ్చిపెట్టినది. వేఱొక సూక్ష్మజీవిని పులియబెట్టగా వచ్చిన ద్రవములోనుండియు ఇట్టి పదార్థమే లభించెను. లాక్టోబాసిల్లస్ దానిని చేర్చగా బాగుగ పెరిగినది. టెక్సాసువారి స్ట్రెప్టోకాకస్ మాత్రము దాదాపు పెరుగనే లేదు. ఒకే పదార్థమైనచో రెండు త్రాసులు ఇంత తేడా చూపవు. విడగొట్టి చూడగా కాలేయమునందలి దానిలో గ్లుటామికామ్లపు తునక ఒకటియు, పులిసిన ద్రవమునందలి దానిలో మూడును ఉన్నవని తేలెను. సుబ్బారావు నడిపిన పనిలో ఈ ఘట్టము అతి రమ్యమైనది. రెండు జీవుల ఆకలులలోని భేదము, ఒక అణువు తోకలోని తునకలను లెక్కించి ఇచ్చినది.

1945లో కాలేయపదార్థమును చేతితో నిర్మించిరి. సైన్సు పత్రికలో వచ్చిన ఆ ప్రకటన క్రింద పదునారుగురి పేర్లున్నవి. అధిపతి పేరు నడుమనెక్కడో కనబడును. నిర్మించినది నిజమైనదే యని నిర్ధారించుటలోను మరల లాక్టోబాసిల్లస్ సాక్ష్యము తీసికొనిరి. ఆ సంవత్సరముననే టామ్ స్పీస్ అను వైద్యుడు రక్తహీనరోగులకు ఇచ్చి గుణము చూచెను. ఆ పిదప క్యూబాలోను, ప్యూర్టోరికోలోను స్ప్రూ రోగులకిచ్చిరి. పుండ్లుపడిన నాలుకలు మానినవి, ఆకలి పుట్టినది, రక్తము ఎక్కినది. రాజమహేంద్రవరపు ఇంటిలో ఇద్దరిని పొట్టన పెట్టుకొన్న వ్యాధికి మందు, సుమారు పాతికేండ్ల ఆలస్యముగా, వచ్చినది.

కాని ఆ వ్యాధిలో మఱొక సగమున్నది. ఉష్ణమండలపు స్ప్రూలో చిన్నప్రేగునందు ఉండదగని బాక్టీరియా అధికముగా పెరిగి తిష్ఠవేయును. ఆకలిగొన్న రక్తమునకు ఫోలికామ్లము చాలవచ్చును. ప్రేగులోని గుంపును ఆపుటకు వేఱొకటి కావలెను. అదియు ఆయన ప్రయోగశాలనుండియే వచ్చెను. డెబ్బదియేండ్లు దాటి అధ్యాపకత్వము విరమించిన బెంజమిన్ డగ్గర్ అను వృక్షశాస్త్రజ్ఞుని సుబ్బారావు పనిలోనికి తీసికొనియుండెను. వివిధ ప్రాంతముల మట్టి నమూనాలలో వెదకగా, మిస్సోరీ రాష్ట్రపు మట్టిలో బంగారువన్నె గల ఒక జీవి డగ్గర్‌కు 1945లో దొరికినది. దాని రసము తగిలినచోట బాక్టీరియా పెరుగలేదు. 1948లో ఆరియోమైసిన్ అను పేర వెలువడిన ఈ మందే టెట్రాసైక్లీను జాతికి ఆద్యము. ఇది సామాన్యముగ సూక్ష్మజీవులను చంపదు. మాంసకృత్తులు తయారుకానీయక రెట్టింపును ఆపును. గ్రాఫుపై ఎగబ్రాకుచున్న రేఖ అడ్డముగా వాలిపోవును. నేటి వైద్యులు ఉష్ణమండలపు స్ప్రూనకు ఫోలికామ్లమును, టెట్రాసైక్లీనును కలిపియే ఇత్తురు.

రెట్టింపును ఆపు యోచనను ఆ బృందము మఱొక దిక్కునకును త్రిప్పినది. తెల్లకణముల క్యాన్సరులో కణములు హద్దులేక రెట్టింపగును. వాటికిని ఫోలికామ్లము కావలెను. బోస్టను వైద్యుడు సిడ్నీ ఫార్బర్ కోరగా, చూపునకు ఫోలికామ్లమువలె నుండి పనికి అడ్డుపడు అమినోప్టెరిన్ వంటి పదార్థములను లెడర్లీవారు చేసిచ్చిరి. 1948లో ఫార్బర్ ప్రకటించిన పదునారుగురు పిల్లలలో పదిమందికి వ్యాధి కొంతకాలము తగ్గుముఖము పట్టెను. ఉపశమనము తాత్కాలికమే, అయినను అంతవరకు ఆ వ్యాధి దేనికిని తలయొగ్గియుండలేదు. అమినోప్టెరిన్ తమ్ముడగు మెథొట్రెక్సేటు నేటికిని వాడుకలో నున్నది. గోదావరి తీరమున కాళ్ళవాపుతో అందఱు నెఱిగిన బోదకాలుకు హెట్రజాను మందు 1947లో వెలువడినదియు అచ్చటినుండియే.

1948 ఆగస్టు మొదటివారము గడచిన పిదప ఒక రాత్రి పెరల్‌రివరులో ఆయన నిదురలోనే మరణించెను. వయస్సు ఏబదిమూడు. ఆరియోమైసినును డగ్గర్ శాస్త్రజ్ఞుల సభలో ప్రకటించి మూడువారములు కాలేదు. అయిదేండ్లకు, 1953లో, ఒక బూజుజాతికి సుబ్బారోమైసిస్ అని పేరుపెట్టిరి. భారత ప్రభుత్వము తపాలాబిళ్ళ విడుదల చేయుటకు 1995, శతజయంతి సంవత్సరము, రావలసివచ్చెను.

బడిపిల్లల రక్తహీనతను నివారించుటకై కేంద్రప్రభుత్వము చేపట్టిన పథకము క్రింద, కౌమారవయస్కులకు వారమునకొక నీలిమాత్ర ఇచ్చు ఏర్పాటున్నది. అందు ఇనుముతోపాటు 500 మైక్రోగ్రాముల ఫోలికామ్లముండును. కాగజ్‌నగర్ బడిలో ఒక విద్యార్థిని మ్రింగు ఆ ఒక్క మాత్రలోని ఆమ్లమును గొట్టమునకు నానోగ్రాము చొప్పున పంచిపోసినచో, ఐదులక్షల గొట్టములలో లాక్టోబాసిల్లస్ మసకకట్టును.